చందన పేరు పిలిచి ఇచ్చిన పెన్సిలు

హలో… ఆ, నేనే. మహాదేవినే. … ఇనపడతాంది, సెప్పండి మేడం.

… మేడమే. అక్కా అనేది మర్సిపోలే. ఈ పొద్దు నోటికి రాల్యా, అంతే.

… పాప బాగుంది. జరమూ ల్యా, ఏమీ ల్యా. గడప కాడ కూసోని బొరుగులు తింటాంది.

… మూడు దినాలే గదా బడికి రాకపోయింది. మూడు దినాలకే ఫోన్ సేసినావే… సేసినారే. హాజరు తగ్గిపోతాందా ఏమి?

… ఊరికే అడిగినా లెండి.

… ఇంట్లో పనా? పనే. మూటలు కడతాండా. జొన్నపిండి ఒక మూట, గిన్నెలు ఒక మూట, పాప బట్టలు ఒక సంచి. తెల్లారి మేస్త్రీ ఉరుకుందు బండి వస్తాంది. గుంటూరు దిక్కు పోతాండాము, మిరపకాయలు కోసేకి.

… ఆ, సుగ్గికే, వలస కూలికే. ఊర్లో సగం ఇండ్లకు అప్పుడే బీగాలు పడినాయి. … పాపనా? పాపను యాడ ఇడిసిపోవల్ల? ఎంట పిలుచుకొనే పోతాండా. ఉగాది అయినాంక వస్తాము.

… సదువా?

… సదువు గురించి మీరు అడుగుతాండారా మేడం.

… కోపం గాదు. కోపమైతే ఆ పొద్దే బడి కాడ నలుగురిలో అరిసేసి వస్తాంటి. నా నోరు ఎట్లాంటిదో మీకు తెలుసు, బోరింగు కాడ అందరికీ తెలుసు. అరిస్తే అయిపోతాది, మల్ల మామూలు అయిపోతా. ఇది అట్ల గాదు. ఇది ఏందో నాకే తెల్యా.

… కూసోనే ఉండా. మీరు యాడుండారు? … ఎమ్మిగనూరు సేరినారా. అదే, మగ్గం సప్పుడు ఇనపడతాంది. మీ నాయన ఇంగా నేస్తాండాడా? … బాగుండని పెద్దాయప్ప. ఆయప్ప నేసిన దుప్పటి ఈడనే ఉంది. మూటలో పెట్టలే. మడిసి పక్కన పెట్టినా, ఎవురితోనన్నా పంపిస్తా.

… వద్దు. నాకాడ ఉంటే నాకు నిద్ర రాదు.

… ఏంటికంటే, అది మీరు ఏంటికి ఇచ్చినారో గ్యాపకం ఉందా?

… ఉంటే సెప్పు సూద్దాం.

… సరే, నేనే సెప్తా, ఇను. పోయిన సంవత్సరం ఇవే దినాలు. ఇట్లనే మూటలు కట్టుకొని ఉంటిమి, నేనూ మా ఆయప్పా. నువ్వు వస్తివి. బడి ఇడిసినాంక మూడు దినాలు వరసగా వస్తివి. ఆటో తప్పిపోతాదని తెలిసి గూడ కూసుంటివి. మా అత్త తాయమ్మ జొన్నరొట్టె, శెనిక్కాయల పొడి పెడితే, కింద సాప మీదనే కూసోని తింటివి. అంతకుముందు మా ఇంట్లో ఏ టీచరూ నీళ్లు గూడ తాగలే. ఆ పొద్దు నాకు ఎంత గొప్పగా ఉండెనో నీకు తెల్యా.

… ఆ. నేను మీరు అనలేకుండా ఉండా. నువ్వనే అంటా, అలవాటైపోయింది. దానికేమన్నా అనుకుంటే అనుకో.

… మూడో దినం ఏమంటివి? "మహాదేవీ, సంవత్సరానికి మూడు నెల్లు సదువు తెగిపోతే పిల్లకు ఇంగ అతకదు. మా నాయన మగ్గం మీద దారం తెగితే అప్పటికప్పుడే ముడేస్తాడు. రెండు జానలు నేసినాంక సూసుకుంటే ఏమీ సేసేకి కాదు" అంటివి. పాప తల మీద సెయ్యి పెడితివి. "నన్ను మేడం అనద్దు, అక్కా అను. నీ బిడ్డకు సదివేది నేర్పించే పూచీ నాది" అంటివి. మర్సటి దినం ఆ దుప్పటి తెచ్చిస్తివి.

… ల్యా, నిన్ను దెప్పేకి సెప్పల్యా. నువ్వు ఆ పొద్దు నిజంగానే అన్నావు. అదీ నాకు తెలుసు. అందుకే నొప్పి.

… నీ మాట ఇని నేను ఆగిపోతి. మా ఆయప్ప ఒక్కడే పోయినాడు. మొగుడూ పెండ్లామూ జతగా పోతేనే మేస్త్రీకి లెక్క. ఒంటిగా పోతే ఎవురికి కావల్ల? ఆడ గుడిసెలో తనే వండుకొని, తనే కోసుకొని, వచ్చేటప్పటికి సగం మనిషి అయిపోయినాడు. మా అత్త అయితే దినమూ ఒకటే పాట. టీచరు మాట ఇని మొగుణ్ణి ఒంటిగా తోలిన మహాతల్లివి అనేది. నేను పడితి. పడనీలే, పాపకు నాలుగచ్చరాలు వస్తే సాలనుకుంటి. ఈడ ఉల్లిగడ్డలు కోసేకి పోతి, పత్తి తీసేకి పోతి. పాప ఒక్క దినం బడి ఎగ్గొట్టలే. నువ్వే సెప్పు, ఎగ్గొట్టిందా?

… ల్యా గదా.

… ఉండు, నన్ను సెప్పనీ. ఈ నాలుగు దినాలు కడుపులో పెట్టుకోని ఉండా.

… ఆ పరీచ్చ సంగతే. మూడో తరగతి పిల్లోల్లకి అన్ని ఊర్లలో ఒకే దినం పెట్టేది, బయటినించి మనిషి వచ్చి పెట్టేది. నువ్వే నెల ముందు నించి సెప్తివి గదా. జవాబు గుండ్రాలు నల్లగా దిద్దల్ల, గీత దాటకూడదు అని నేర్పిస్తివి. మా పాప నీ ముందర బడిలో దిద్దింది నువ్వు సూసినావు. ఇంట్లో దిద్దింది నువ్వు సూల్యా. పొయ్యిలో బొగ్గు తీసుకొని, ఈ నాపరాళ్ల మీద గుండ్రాలు గీసుకొని, దినమూ దిద్దేది. పొద్దున నేను ముగ్గేసేకి వస్తే వాకిలంతా నల్ల గుండ్రాలే. తుడిసి తుడిసి నా సేతులు నల్లగా అయినాయి గానీ ఒక్క మాట అనలే.

… ఆ. రేపు పరీచ్చ అనంగా, మాపటేల నువ్వు ఫోన్ సేస్తివి. ఏమి సెప్తివో గ్యాపకం ఉందా?

… గొంతు తగ్గిందే. సెప్పు.

… దగ్గు. అవును. "పాపకు దగ్గుంది గదా మహాదేవీ, రేపు పంపద్దు. బయటోల్లు వస్తాండారు, దగ్గే పిల్లోల్లుంటే మమ్మల్ని తిడతారు" అంటివి. నిజమే, రెండు సార్లు దగ్గింది. అక్క ఎంత బాగా సూసుకుంటాంది నా బిడ్డను అనుకుంటి నేను. అట్ల అనుకుంటి అక్కా… మేడం.

… పాప ఏడ్సింది. నేను రాస్తా, నేను పోతా అని ఒకటే ఏడుపు. నేనేం సేస్తి తెలుసునా? టీచరు వద్దంటే వద్దంతే అని ఈపు మీద ఒకటి ఏస్తి. నీ మాట మీద కొట్టినా. సంచి మూల పడేసి, నాతో పత్తి సేనికి పిలుచుకొని పోతి.

… ఆ మాపటేల మంజు వచ్చింది. భీమప్ప కూతురే, ఐదో తరగతి. మా ఇంటికి రెండిండ్ల అవతల. వచ్చి ఒక పెన్సిలు పాప సేతిలో పెట్టింది. కొత్త పెన్సిలు, ఎనక రబ్బరుండేది. "ఇది నీది చందనా, నీ పేరు పిలిచి నాకిచ్చినారు" అనె.

… ఇంటాండావు గదా? ఇను.

… నాకు ఆ పొద్దు అర్తం కాలే. పొద్దున్నే నిన్ను అడిగితి. నువ్వు నవ్వితివి. పెన్సిల్లు ఎక్కువొచ్చినాయి, పిల్లలకు తలా ఒకటి పంచినారు, మంజుకేమో సరిగా తెల్యా అంటివి. నువ్వు నవ్వితే నేనూ నవ్వితి. మంజు మల్ల ఇంటికొస్తే కసిరితి. ఇంత సిన్నదానివి, అప్పుడే అబద్ధాలా అని అంటి. ఆ పిల్ల ఎనక్కి తిరిగి పోయె. పది దినాలు మా వాకిట్లోకి రాలే. అది గూడ నీ లెక్కలోనే వేసుకో. నీ కోసరం నేను నిజం సెప్పిన పిల్లను అబద్ధాలకోరును సేసినా.

… ఇంగా ఉంది. ఇంగా అయిపోలే.

… సంక్రాంతి సెలవులకు ముందు, మార్కులు వచ్చినాయి. మన బడి మండలంలో ఫస్టు అంటివి. ఆదోనిలో మీటింగు పెట్టి నీకూ హెడ్మాస్టరు జయన్న సారుకూ శాలువాలు కప్పినారు. ఆ ఫోటో నా ఫోన్‌కు గూడ పంపిస్తివి. నేను బోరింగు కాడ అందరికీ సూపిస్తి, మా అక్క సూడండి అని. మా అత్త గూడ సూసి, టీచరు బాగుంది శాలువాలో అనె. ఆ మనిషి నోట్లో నించి మంచి మాట రావడమే అరుదు.

… ఆ తరువాత సాయంత్రం క్లాసు పెడితిరి గదా. మార్కులు తక్కువొచ్చిన పిల్లోల్లను ఒక గంట ఎక్కువ కూసోబెట్టి సదివించేది. మా పాపను గూడ కూసోబెట్టు అక్కా అంటే, నీ బిడ్డకు అక్కర్లేదు, మంచి మార్కులొచ్చినాయి అంటివి. ఉండనీలే, ఒక గంటే గదా అని మల్ల అడిగితే, ట్యాబులో పేరు రాదు అంటివి. మార్కులు బాగొచ్చినోళ్ల పేరు ఆ క్లాసుకు ఎక్కదంట. నేను సంతోషపడితి. నా బిడ్డకు ఎక్కువ క్లాసు గూడ అక్కర్లేదంట అని ఇంటికొచ్చి బెల్లం పెడితి పాపకు. పాప తినలే. ఏంటికి తినలేదో అడగను గూడ అడగలే, నా బుద్ధి మండ.

… ఇంగ నాలుగు దినాల కిందట. తల్లిదండ్రుల మీటింగు. నువ్వు రమ్మంటివి. నేను కూలి మానుకొని, ఉతికిన సీర కట్టుకొని వస్తి. జయన్న సారు పేర్లు పిలిచి సర్టిఫికెట్లు ఇస్తాండె. చందన అనె. అందరూ సప్పట్లు కొట్టిరి. పాప పోయింది, తీసుకుంది. తీసుకొని నాకాడికి రాలే. తిన్నగా ఐదో తరగతి వరుసలోకి పోయి, మంజు ఒళ్లో పెట్టేసి వచ్చి కూసుంది.

… అందరూ నవ్విరి. సారు గూడ, ఇద్దరూ మంచి స్నేహితులు అని నవ్వె. నేను నవ్వలే. నేను నిన్ను సూస్తాంటి. నువ్వు నేల సూస్తివి. పమిట సర్దుకుంటివి, మల్ల నేల సూస్తివి. అప్పుడు అర్తమైంది నాకు. పెన్సిలు, దగ్గు, ట్యాబు, అన్నీ ఒకేసారి అర్తమైనాయి. తల పట్టుకుంటి. మా పక్కన కూసున్న ఆమె ఏమైంది మహాదేవీ అంటే, ఎండకు కండ్లు తిరిగినాయి అని సెప్పినా. నీ పరువు కాపాడినా సూడు, అప్పుడు గూడ.

… ఇంటికొచ్చి పాపను అడిగితి. "నేను పరీచ్చ రాయలే గదమ్మా, మంజక్క రాసింది, మరి నాకేంటికి ఇస్తాండారు" అంది. అంతే. దానికి ఏడుపు గూడ ల్యా. ఎనిమిదేండ్ల పిల్ల, అంత సల్లగా సెప్పింది.

… నిజమేనా? నీ నోటితో ఒకసారి సెప్పు. నేను అనుకున్నది తప్పయితే నీ కాళ్లు పట్టుకుంటా.

… ఆ.

… ఆ. సెప్పినావు. మంచిది.

… ఎంతమందిని అట్ల? … ముగ్గురా. మిగతా ఇద్దరూ సుగ్గికి పోయినోల్ల పిల్లోల్లేనా? … వాండ్లను అడిగేకి గూడ ఎవురూ ల్యారు ఊర్లో.

… జయన్న సారు సెప్పినాడా? సారు నాకు ఫోన్ సేయలే. సేసింది నువ్వు. సారు సేసింటే నేను పాపను పంపిస్తాంటి. ఆయప్ప మాట ఊర్లో ఎవురూ ఇనరు. నీ మాట ఇంటారని ఆయప్పకు తెలుసు, అందుకే నీతో సేయించినాడు. కంచె సేను మేస్తే ఇంగ ఎవురికి సెప్పుకోవల్ల?

… పై ఆఫీసర్లు నిన్ను నిలబెట్టి తిట్టినారా? పోయిన సారి మార్కులకా? … అందరి ముందరనా. … మెమో గూడ ఇచ్చినారా. పాపం, నాకు తెల్యా అది. నాకెప్పుడూ సెప్పలే నువ్వు.

… ఏడ్సినావా ఆ పొద్దు? … అయ్యో.

… కానీ ఇట్ల సూడు. నిన్ను నిలబెట్టినారని నువ్వు నా బిడ్డను ఎనక్కి తోసినావు. నువ్వు నాకాడికి వచ్చి, మహాదేవీ, నాకిట్ల అయింది, భయమైతాంది అని సెప్పింటే నేనేమంటాంటి? కూసో అక్కా అంటాంటి. రొట్టె పెడతాంటి. ఆ పరీచ్చ దినం పాపను నేనే ఇంట్లో పెట్టుకుంటాంటి, నీ కోసరం. అడిగి తీసుకునేదాన్ని ఏంటికి దొంగిలిస్తివి?

… నువ్వు ఎట్లయినా సెప్పు. మా అత్త ఒకే మాట సెప్పింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంట.

… ఒకటి సేస్తావా? ఆ పరీచ్చ చందన రాయలే అని ఒక కాగితం మీద రాసియ్యి. పెద్దగా వద్దు, రెండు మాటలు. ట్యాబులో పేరు ఎక్కుతాది, సాయంత్రం క్లాసులో కూసుంటాది. నేను బండెక్కను. ఈ మూటలు ఇప్పుడే ఇప్పేస్తా.

… …

… ఉద్యోగం పోతాదా.

… నిజంగా పోతాదా, ఊరికే అంటాండావా? … నీకు గూడ తెల్యా. సరే. వద్దులే. నీ ఉద్యోగం పోవల్లని నేను కోరుకోలే. మీ నాయన ఆ వయసులో ఇంగా నేస్తాండాడంటే మీ ఇంట్లో ఏముందో నాకు తెలుసు.

… ఏందీ? … నీకాడ పెట్టుకుంటావా? ఎమ్మిగనూరులోనా? … నీ ఇంట్లోనే పెట్టుకొని సదివిస్తావా.

… మంచి మాటే. పోయిన సంవత్సరం అనింటే ఎగిరి గంతేస్తాంటి. ఇప్పుడు ఆ మాట ఇంటే భయమైతాంది. నా బిడ్డను పంపినాంక రేపు ఇంగెవురో నిన్ను నిలబెట్టి తిడితే?

… తిట్టల్యా. అడుగుతాండా.

… ఏమంటివి? మల్ల సెప్పు. … పాపకు సదివేది రాదా? అందుకే వద్దన్నావా? … బయటి మనిషి ముందర తప్పులు సదివితే సిన్నబుచ్చుకుంటాదనా. ఓహో. మా పాప కోసరమే సేసినావు ఇదంతా.

… వస్తాది. ఎవురు సెప్పినారు రాదని? వస్తాది దానికి. నాకు సదివి ఇనిపిస్తాది దినమూ. బస్సు వస్తే ముందర బోర్డు సూసి ఎమ్మిగనూరు అంటాది. స్టోరు బియ్యం ఇచ్చే కాడ గోడ మీద రాసింది సదువుతాది. మొన్న ఇత్తనాల సంచి మీద సదివె, ఆముదాలు అని.

… కంఠతానా? కంఠతా అంటే? … సదవకుండానే, తెలిసి సెప్తాదా.

… ల్యా. అట్ల గాదు.

… …

… ఉండు. ఉండు, ఆలోచన సేయనీ.

… ఆ బస్సు ఎమ్మిగనూరుకే పోతాది. దినమూ అదే బస్సు. నిజమే. స్టోరు కాడ గోడ మీద ఏమి రాసుందో ఊరంతా నోటికి సెప్తాది. సంచిలో ఆముదాలు ఉన్నాయని దానికి ముందే తెలుసు, నాతో పాటే తెచ్చింది గదా.

… అవును మేడం. నాకు తెలిసినవే సదివి ఇనిపించింది. నాకు తెల్యంది ఒక్కటీ సదివి సూపీలే.

… నాకు ఒక్క అచ్చరం రాదు. ఏలిముద్ర దాన్ని. అది సదువుతాందో, నా మొగం సూసి సెప్తాందో నాకెట్ల తెలుస్తాది? నువ్వుండావని గదా నేను నిమ్మళంగా ఉంటి. నా కండ్లు నువ్వనుకుంటి.

… మాట్లాడద్దు. ఒక్క నిమిసం. ఫోన్ పెట్టద్దు.

చందనా. ఇట్ల రా. ఆ బొరుగుల పొట్లం తే. బొరుగులు నా ఒళ్లో పొయ్యి… పొయ్యి, ఏం కాదులే. ఆ కాగితం ఇప్పు. ముడతలు తియ్యి. అచ్చరాలుండాయి గదా దాంట్లో? ఇంతకుముందు సూసినావా ఈ కాగితం? … ల్యా గదా. పొద్దున సంతలో కట్టిచ్చింది.

మేడం, ఇంటాండావా? ఇది పేపరు ముక్క. పాప దీన్ని ఎప్పుడూ సూల్యా, నేనూ సూల్యా. ఇప్పుడు సదువుతాది. నువ్వు ఇను.

సదువమ్మా. పై నించి. భయపడద్దు, ఎవురూ ల్యారు, టీచరే. … ఫోన్ దగ్గరికి రా. గట్టిగా.

…

… ఆగద్దు. నిదానంగానే సదువు.

…

… ఏలు పెట్టుకొని సదువు. ఆ. అట్ల.

…

… సాలు. సాలమ్మా. పో, నీళ్లు తాగు.

… ఇన్యావా మేడం?

… నేనూ ఇన్యా. క్వింటా అని సదివింది, మార్కెట్ అని సదివింది. మధ్యలో రెండు సార్లు ఆగింది. ఒకటి రెండు మాటలు నాకు అర్తం కాలే. సెప్పు. సరిగా సదివిందా, ల్యాదా?

… ఏడవద్దు. ఏడిస్తే నాకు తెలీదు. సరిగా సదివిందా అక్కా?

… ఆ, అక్కా అన్నా. నోటికొచ్చింది. సెప్పు ముందు.

… సదివిందా? … బాగా సదివిందా. ఒక్క తప్పూ ల్యాదా?

… నిజంగానా?

… …

… ల్యా, సంతోషమే. సంతోషం రావల్ల గదా నాకు. ఈ మాట కోసరమే గదా పోయిన సంవత్సరం మూడు నెల్లు మొగుణ్ణి ఇడిసి ఉంటి. కానీ రాల్యా అక్కా. నీ మాట ఇంటే సంతోషం రాల్యా.

… ఎట్ల నమ్మల్ల? కాగితం నా సేతిలో ఉంది. నువ్వు సూల్యా. దాంట్లో ఏముందో సూడకుండానే ఒక్క తప్పూ ల్యాదంటాండావు. ఆ పొద్దు పాపను రాయనీకుండానే దానికి రాదనుకుంటివి.

… నా బిడ్డకు వచ్చునంటే నేను బండెక్కకుండా ఆగిపోతానని నీకు తెలుసు. అందుకే అంటాండావేమో. పాప మంచి కోరే అంటాండావేమో. లేకుంటే నిజమేనేమో. నాకు తెల్యా. నువ్వు అవునన్నా అనుమానమే, కాదన్నా అనుమానమే. సూడు నన్ను యాడికి తెచ్చినావో. నా బిడ్డ నా ముందర సదివితే, సదివిందని నేను నమ్మలేకుండా ఉండా.

… ఒట్టు వద్దు. పాప తల మీద పెట్టిన సెయ్యే గదా అది.

… ఇంగ నేనేం సేస్తానంటే… మంజును పిలిపిస్తా. ఆ పిల్ల ఈ కాగితం పట్టుకొని సూస్తాది, పాప సదువుతాది. సరిగా సదివిందంటే మూటలు ఇప్పేస్తా. నీ కోసరం గాదు. ల్యాదంటే తెల్లారి బండెక్కుతా.

… సదివేది రాకుంటే బడిలోనే ఉండల్ల అంటావా? రాని పిల్లకు నేర్పించేది ఎవురు? ఆ గంట క్లాసులో దాని పేరు ఎక్కదంటివి గదా. నువ్వే గదా దానికి అంతా వచ్చునని రాయించింది.

… ఆ, పదేండ్ల పిల్లే. నీకంటే సిన్నదే, సదువూ తక్కువే. నువ్వు కూసోబెట్టి రాయమంటే రాసింది, టీచరు మాట కాదనలేక. నేనూ అట్లనే గదా నీ మాట ఇన్యా. కానీ తనది కాని పెన్సిలు ఒక్క పూట గూడ ఇంట్లో పెట్టుకోలే. తెచ్చి ఇచ్చేసింది. నేనేమో అబద్ధాలని కసిరితి.

… ఆ పిల్ల సెప్తే నమ్ముతా.

… దుప్పటి రేపు పంపిస్తా. … సరే, మీ నాయనను అడిగినానని సెప్పు. మా ఇంట్లో ఎవురికీ ఆయప్ప మీద కోపం ల్యా.

చందనా! పోయి మంజును పిలుచుకొని రా. … ఏంటికంటే, నేను రమ్మన్నానని సెప్పు. … రాకుంటే… ఉండు, నువ్వొద్దు. నేనే పోతా. తప్పయిందని ఆ పిల్లను నేను అడుక్కోవల్ల ముందు.

… ఇంటాండావా అక్కా? ఇంగ పెట్టేస్తాండా.